కాగితం మీద ముగిసిన పని

కర్మాగారంలో పెండింగ్ పనుల జాబితా పెరిగితే కంగారు పడనక్కర్లేదు. అది ఉన్నట్టుండి తగ్గినప్పుడే అనుమానించాలి.

ఒక కర్మాగారం ఎంత భద్రంగా నడుస్తోందో తెలుసుకోవాలంటే గేటు దగ్గర వేలాడదీసిన ‘ప్రమాదం లేని రోజులు’ బోర్డు చూడనక్కర్లేదు. మెయింటెనెన్స్ విభాగానికి వెళ్లి పెండింగ్‌లో ఉన్న వర్క్ ఆర్డర్ల జాబితా అడిగితే చాలు. ఏ పంపు ఎన్ని రోజులుగా కారుతోంది, ఏ సేఫ్టీ వాల్వు పరీక్ష ఎన్నిసార్లు వాయిదా పడింది, ఏ గేజీ ముల్లు కదలడం మానేసింది, ఏ అలారం ఊరికే మోగి విసిగిస్తోందని గొంతు నొక్కేశారు... అన్నీ అందులోనే ఉంటాయి. కంపెనీ వార్షిక నివేదికలో భద్రత గురించి రాసుకునే నాలుగు పేజీల కంటే ఈ జాబితాలోని నాలుగు వరుసలు ఎక్కువ చెబుతాయి. కాకపోతే ఒక షరతు. ఆ జాబితాలో ఉన్నది నిజమై ఉండాలి.

మన దేశంలో పారిశ్రామిక ప్రమాదం జరిగిన ప్రతిసారీ చర్చ రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. ‘యాజమాన్యం నిర్లక్ష్యం’ అని కార్మిక సంఘాలు అంటాయి. ‘మానవ తప్పిదం’ అని యాజమాన్యం అంటుంది. రెండు మాటలూ నిజం కావచ్చు. కానీ అవి ఎక్కడ, ఏ రోజు, ఎవరి చేతుల మీదుగా జరిగాయో చెప్పవు. చాలా సందర్భాల్లో ఆ జవాబు ఒక చిన్న కాగితంలో దొరుకుతుంది. రాయాల్సి ఉండీ రాయనిదో, రాసి పక్కన పెట్టిందో, పని కాకుండానే అయిపోయిందని సంతకం చేసిందో అయిన ఒక వర్క్ ఆర్డర్‌లో.

ఆ కాగితం ప్రయాణం చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి షిఫ్టులో ఒక ఆపరేటర్, పంపు గ్లాండ్ దగ్గర చుక్కచుక్కగా కారడం చూశాడనుకుందాం. లాగ్‌బుక్‌లో రాసి, మెయింటెనెన్స్‌కు ఒక నోటీసు పంపుతాడు. అక్కడి ప్లానర్ దాన్ని వర్క్ ఆర్డర్‌గా మారుస్తాడు. ఏ పని, ఎంతమంది ఫిట్టర్లు, ఎన్ని గంటలు, ఏ స్పేర్లు అన్నది అందులో ఉంటుంది. స్టోర్స్‌లో ప్యాకింగ్ లేకపోతే ఇండెంటు పెడతారు. సరుకు వచ్చాక పంపును ఆపి, కరెంటు తీసి, రెండు వైపులా వాల్వులు మూసి, తాళాలు వేసి, పర్మిట్ రాసి ఫిట్టర్‌కు అప్పగిస్తారు. పని అయ్యాక పర్మిట్ వెనక్కి వస్తుంది. పంపు నడిపి చూస్తారు. కారడం ఆగితే ఆర్డర్ మూసేస్తారు. నెలాఖరుకు ఆ పంపుకు అయిన ఖర్చెంత, ఇదే పంపు ఏడాదిలో ఎన్నిసార్లు చెడింది అన్న లెక్క తేలుతుంది.

ఒకప్పుడు ఇదంతా కార్బన్ కాపీలున్న పుస్తకాల్లో సాగేది. ఇప్పుడు పెద్ద కంపెనీల్లో శాప్, మాక్సిమో లాంటి సాఫ్ట్‌వేర్లలో సాగుతోంది. మాధ్యమం మారినా సూత్రం ఒకటే. ఆ కాగితం ఇద్దరి మధ్య ఒక మాట. ‘ఇక్కడ తేడా ఉంది’ అని ఒకరు అంటే, ‘సరిచేశాను’ అని ఇంకొకరు చెప్పడం. ఈ రెండు వాక్యాల్లో ఏది అబద్ధమైనా మధ్యలో ఉన్న మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ భోపాల్. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ ప్లాంట్‌లోని 610 నంబరు ట్యాంకు నుంచి మిథైల్ ఐసోసైనేట్ ఊరి మీద పడింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ధ్రువీకరించిన మరణాలు 3,787. బాధితుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ రాత్రిని తలచుకున్నప్పుడల్లా ట్యాంకులోకి నీరెలా వెళ్లిందన్న వాదనే ముందుకొస్తుంది. పైపులు కడిగేటప్పుడు నీరు అటు వెళ్లకుండా మధ్యలో బిగించాల్సిన ఇనుప బిళ్లను, అంటే స్లిప్ బ్లైండ్‌ను ఆ రోజు బిగించలేదని కార్మికులు చెప్పారు. ఎవరో కావాలని నీరు పెట్టారని కంపెనీ వాదించింది.

ఆ వివాదాన్ని కాసేపు పక్కన పెట్టినా, వివాదం లేని విషయాలు మూడున్నాయి. ట్యాంకును చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్ యూనిట్‌ను అదే ఏడాది జూన్‌లో ఆపేశారు. బయటికొచ్చే వాయువును కాస్టిక్ సోడాతో కడిగి నిర్వీర్యం చేయాల్సిన స్క్రబ్బర్ స్టాండ్‌బైలో ఉంది. దాన్నీ దాటి వచ్చిన వాయువును మండించి బూడిద చేయాల్సిన ఫ్లేర్ టవర్‌కు వెళ్లే పైపులో తుప్పుపట్టిన ఒక ముక్కను తీసేశారు. దాని స్థానంలో కొత్తది ఇంకా బిగించలేదు. ఒకదాని వెనక ఒకటిగా నిలబెట్టిన మూడు కాపలాదారులూ ఒకే రాత్రి సెలవులో ఉన్నారన్నమాట.

ఇందులో రహస్యమేమీ లేదు. మూడు విషయాలూ ప్లాంట్‌లో అందరికీ తెలుసు. ఒక పైపు ముక్క బిగించడం మహా అయితే వెల్డర్లకు ఒకటి రెండు రోజుల పని. అది పెండింగ్‌లో ఉంది. ‘ఈ పని అయ్యేదాకా ఫ్లేర్ లేదు. ఫ్లేర్ లేనప్పుడు స్క్రబ్బర్ సిద్ధంగా ఉండి తీరాలి. రెండూ లేనప్పుడు ట్యాంకులో ఇంత సరుకు ఉండకూడదు’ అని మూడు పెండింగ్ పనులనూ ఒక్కచోట పెట్టి చదివినవాళ్లు లేరు. చదవాల్సిన మనుషులనే తగ్గించుకుంటూ వచ్చారు. పైపులు కడగడం ఉత్పత్తి విభాగం పని, బ్లైండ్ బిగించడం మెయింటెనెన్స్ పని. ఈ రెండింటినీ కలపాల్సిన మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టును ప్రమాదానికి కొద్ది రోజుల ముందే రాత్రి షిఫ్టులో ఎత్తేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. కాకపోతే గొడ్డలి పడింది గోడ అవతల నిద్రపోతున్న పేదల మీద.

భోపాల్‌లో పనులు మిగిలిపోయాయి. నాలుగేళ్ల తర్వాత ఉత్తర సముద్రంలో మరో తరహా విషాదం జరిగింది. అక్కడ పని మొదలైంది, కాగితమూ రాశారు. అది చూడాల్సిన మనిషికి చేరలేదు. 1988 జులై 6న స్కాట్లండ్ తీరానికి దూరంగా ఉన్న పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద రెండు కండెన్సేట్ పంపుల్లో ఒకదాన్ని మరమ్మతుకు తీశారు. దానికి ఒక పర్మిట్. అదే పంపు లైన్ మీదున్న సేఫ్టీ వాల్వును పరీక్ష కోసం ఊడదీశారు. దానికి వేరే పర్మిట్. వాల్వు స్థానంలో ఒక మూత పెట్టారు కానీ అది ఒత్తిడికి ఆగేంత బిగువుగా లేదు. సాయంత్రానికి వాల్వు పని పూర్తికాలేదు. షిఫ్టు మారింది.

రాత్రి పది గంటలకు కాస్త ముందు రెండో పంపు ఆగిపోయింది. మొదటి పంపును నడపవచ్చా అని కంట్రోల్ రూములో వాళ్లు కాగితాలు చూశారు. పంపు మరమ్మతు పర్మిట్ కనిపించింది. ఆ పని ఇంకా మొదలే కాలేదు కాబట్టి పంపు నడపవచ్చనుకున్నారు. వాల్వు లేదని చెప్పే రెండో పర్మిట్ వాళ్ల కంట పడలేదు. పర్మిట్లను పని జరిగే చోటును బట్టి విడివిడిగా పెట్టేవారు. పంపు ఒకచోట, వాల్వు మరోచోట. పంపు నడిపారు. గ్యాస్ చిమ్మింది. 167 మంది చనిపోయారు. లార్డ్ కలెన్ 1990లో ఇచ్చిన విచారణ నివేదిక 106 సిఫార్సులు చేసింది. పర్మిట్ల పద్ధతి, షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరు చెప్పుకోవాల్సిన విషయాలు వాటిలో ముఖ్యమైనవి. ఒకే యంత్రం మీద రెండు పనులున్నప్పుడు రెండు కాగితాలకూ ముడి వేయాలన్న చిన్న నియమం ఇవాళ ప్రపంచమంతటా ఉందంటే దాని వెనక ఆ 167 మంది ఉన్నారు.

ఈ కథ సముద్రం అవతలిదని మనం తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహానాగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి దూసుకెళ్లి, ఆగివున్న గూడ్స్‌ను ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ పరికరం మీద చేయి వేయాలంటే రైల్వేలో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ సిబ్బంది స్టేషన్ మాస్టర్‌కు డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. పని అయ్యాక పరీక్షించి, రీకనెక్షన్ మెమో ఇవ్వాలి. అంటే ఇదీ ఒక వర్క్ ఆర్డరే. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలిన విషయాన్ని ప్రభుత్వం 2023 జులైలో పార్లమెంటుకు చెప్పింది. సిగ్నల్ సర్క్యూట్‌లో గతంలో చేసిన మార్పుల్లో లోపాలున్నాయి. ప్రమాదానికి ముందు లెవెల్ క్రాసింగ్ గేటు బారియర్ మార్చే పనిలోనూ లోపాలు జరిగాయి. పాత పని తాలూకు తప్పు వైరింగులో దాగి ఉంది. కొత్త పని దాన్ని నిద్రలేపింది. మొదటి పని ముగిసినప్పుడు సంతకం పడింది. దాని వెనక జరగాల్సినంత పరీక్ష జరగలేదు.

మరి మనుషులు చేయని పనిని చేసినట్టు ఎందుకు రాస్తారు? బద్ధకం అనేది తేలికైన జవాబు. అసలు కారణం, చాలా చోట్ల అబద్ధానికి బహుమతి, నిజానికి శిక్ష దొరుకుతున్నాయి.

నెలాఖరున సమీక్షా సమావేశం జరుగుతుంది. తెర మీద ఒక గ్రాఫ్. ‘మీ విభాగంలో పెండింగ్ ఆర్డర్లు పోయిన నెల కంటే పెరిగాయి. ఏం చేస్తున్నారు?’ అని పై అధికారి అడుగుతారు. స్పేర్ రాలేదనీ, ఉత్పత్తి విభాగం యంత్రాన్ని ఆపనివ్వలేదనీ, ఉన్న ఫిట్టర్లు సరిపోవడం లేదనీ చెబితే అవి సాకులవుతాయి. మరుసటి నెల ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. శాప్ వాడే ప్లాంట్లలో ‘టెకో’ అన్న మాట వినిపిస్తుంది. సాంకేతికంగా పని పూర్తయింది అని ఆ స్థితికి అర్థం. నెలాఖరు సాయంత్రం ఒక్కో ఆర్డర్ తెరిచి, ఒక్కో మీట నొక్కుతూ ‘టెకో కొట్టేస్తే’ గ్రాఫ్ కిందికి దిగుతుంది. పంపు మాత్రం అలాగే కారుతుంటుంది. ఇప్పుడది కారుతోందన్న విషయం తెలిసిన కాగితం కూడా లేదు. తెరిచి ఉన్న ఆర్డర్ కనీసం ఎవరో ఒకరిని గుచ్చుతూ ఉంటుంది. అబద్ధంగా మూసిన ఆర్డర్ అందరినీ నిద్రపుచ్చుతుంది.

నిజానికి పెండింగ్ సున్నాకు చేరడం ఆరోగ్య లక్షణం కాదు. మెయింటెనెన్స్ ప్లానర్లు సాధారణంగా వాడే కొలత ఒకటుంది. ఉన్న సిబ్బంది చేతిలో రెండు నుంచి నాలుగు వారాల పని ఉండటం సహజం. అంతకంటే బాగా తక్కువ ఉంటే లోపాలు ఎవరూ రాయడం లేదనైనా అనుకోవాలి, సిబ్బంది అవసరానికి మించి ఉన్నారనైనా అనుకోవాలి. బాగా ఎక్కువ ఉంటే మనుషులో సామానో చాలడం లేదు. ఈ అంకె యాజమాన్యానికి థర్మామీటర్ లాంటిది. జ్వరం ఎక్కువ చూపించిందని థర్మామీటర్‌ను తిట్టే ఇంట్లో అది త్వరలోనే ఎప్పుడూ ఒకే అంకె చూపడం నేర్చుకుంటుంది.

ఇలాంటి మరో జబ్బు అర్జెంటు జబ్బు. సాధారణ ఆర్డర్‌ను ఎవరూ పట్టించుకోరని తెలిశాక ప్రతి ఆపరేటరూ తన పనికి ‘ఎమర్జెన్సీ’ ముద్ర వేస్తాడు. కొన్నాళ్లకు క్యాంటీన్ ఫ్యానూ, బాయిలర్ సేఫ్టీ వాల్వూ ఒకే వరుసలో నిలబడతాయి. అన్నీ అత్యవసరమైనప్పుడు ఏదీ అత్యవసరం కాదు. అప్పుడు ఏ పని ముందు జరగాలన్నది ప్రమాదాన్ని బట్టి కాకుండా ఎవరు గట్టిగా అరిచారన్న దాన్ని బట్టి తేలుతుంది.

తప్పంతా అధికారులదే అనడమూ సరికాదు. కాగితం మీద గౌరవం పోవడానికి అర్థం లేని కాగితాలు కూడా ఒక కారణం. యంత్రాన్ని ఎన్నిసార్లు విప్పి చూస్తే అంత మంచిదన్న నమ్మకం చాలా పాతది. అది తప్పని రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే తేలింది. శత్రు జలాంతర్గాముల కోసం గాలించే బ్రిటన్ కోస్టల్ కమాండ్ విమానాలను 50 గంటలు ఎగిరినప్పుడల్లా తనిఖీ చేసేవారు. శాస్త్రవేత్త వాడింగ్టన్ బృందం లెక్కలు తీస్తే, తనిఖీ జరిగిన వెంటనే లోపాలు పెరిగి, తర్వాత క్రమంగా తగ్గుతున్నాయి. బాగున్నదాన్ని విప్పి బిగించడంలోనే కొత్త లోపాలు పుడుతున్నాయి. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలాన్, హీప్ అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదికలో మరో సంగతి చెప్పారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో 89 శాతానికి, ఇన్ని గంటలకు మార్చాలి అని గడువు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. వయసు మీరడం వల్ల చెడేవి చాలా తక్కువ.

ఈ పాఠం తలకెక్కని చోట కంప్యూటర్ ప్రతి వారం వందల కొద్దీ ‘తనిఖీ చేయుము’ ఆర్డర్లు ముద్రిస్తూ ఉంటుంది. వాటిలో సగం అనవసరమని ఫిట్టర్‌కు తెలుసు. చూడకుండా టిక్కు పెడతాడు. ఏమీ కాదు. మళ్లీ పెడతాడు, మళ్లీ ఏమీ కాదు. చూడకుండా టిక్కు పెట్టడం అలా అలవాటవుతుంది. ఆ తర్వాత నిజంగా చూడాల్సిన సేఫ్టీ వాల్వు కాగితం కూడా అదే కట్టలో వస్తుంది. అదే చేయి, అదే పెన్ను, అదే టిక్కు. అవసరం లేని వంద ఆర్డర్లు అవసరమైన ఒక్క ఆర్డర్ విలువను తీసేస్తాయి.

దీనికి తోడు, పని చేసే చేయి ఒకరిది, రాసే చేయి ఇంకొకరిది. మన పారిశ్రామిక వాడల్లో స్పానర్ పట్టుకునేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికుడు. విశాఖ చుట్టుపక్కలైనా, పటాన్‌చెరు, పాశమైలారంలోనైనా వాళ్లలో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు చాలామంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయినప్పుడు, బాధిత కుటుంబాలు ఎన్ని రాష్ట్రాల నుంచి వచ్చాయో చూశాం. పర్మిట్ ఫారాలేమో చాలా చోట్ల ఇంగ్లిషులో ఉంటాయి. అందులో తానేం ఒప్పుకున్నాడో చదవలేని మనిషి సంతకం పెట్టి లోపలికి వెళతాడు. పని చేస్తుండగా పక్క పైపు పల్చబడిందని అతనికి తెలుస్తుంది. తన వేలికే తెలుస్తుంది. కానీ కంప్యూటర్‌లో ఆర్డర్ రాసే అధికారం అతనికి లేదు. చెప్పాలంటే కాంట్రాక్టరుకు చెప్పాలి. పని ఆలస్యమైతే కాంట్రాక్టరుకు నష్టం. ప్లాంట్‌లో అందరికంటే ముందు లోపాన్ని చూసే మనిషికి దాన్ని నమోదు చేసే దారి లేకపోవడం విచిత్రం. ఏదైనా జరిగాక బాధ్యుడెవరని వెతికితే తిలాపాపం తలా పిడికెడు అవుతుంది.

అసలు ఆర్డరే పుట్టని సందర్భాలూ ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలో ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదకు వచ్చింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల ప్లాంట్ ఆగి ఉంది. ఉత్పత్తి లేదు కాబట్టి పని లేదనుకున్నారు. కానీ ట్యాంకులోని రసాయనానికి లాక్‌డౌన్ లేదు. నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని ఉన్నత స్థాయి కమిటీ ట్యాంకు డిజైన్‌నూ, చల్లబరిచే వ్యవస్థనూ, లోపలి సరుకును కలియతిప్పే ఏర్పాటు లేకపోవడాన్నీ తప్పుపట్టింది. స్టైరీన్ తనంతట తాను గట్టిపడి వేడెక్కకుండా కలపాల్సిన టీబీసీ రసాయనం ప్లాంట్‌లో నిల్వ లేదు. ఊరిని హెచ్చరించాల్సిన సైరన్ నొక్కడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఎవరూ నొక్కలేదు. నడుస్తున్న యంత్రానికి లోపం వస్తే ఎవరో ఒకరు రాస్తారు. ఆగి ఉన్న ప్లాంట్‌లో ఏం చూడాలో ముందే రాసిపెట్టుకోకపోతే, చూడాల్సింది ఉందన్న సంగతే ఎవరికీ తట్టదు.

యాజమాన్యాల వైపు నుంచి ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ప్రతి లోపానికీ ప్లాంట్ ఆపుకుంటూ పోతే గిట్టుబాటు అవుతుందా? కాదు. చక్కెర మిల్లుకు క్రషింగ్ సీజన్ ముగిశాక ఆఫ్‌సీజన్ దొరుకుతుంది. మొత్తం విప్పి, ఊడ్చి, బిగించుకోవచ్చు. విద్యుత్ కేంద్రానికో, రిఫైనరీకో అలాంటి వెసులుబాటు లేదు. కొన్ని పనులు తర్వాతి షట్‌డౌన్ దాకా ఆగాల్సిందే. వాయిదా వేయడం తప్పు కాదు. పేరు లేని వాయిదా తప్పు. ‘ఈ పనిని ఫలానా తేదీ దాకా ఆపుతున్నాను. ఈ లోగా ఈ ఒత్తిడి దాటనివ్వం, షిఫ్టుకు రెండుసార్లు చూస్తాం, ఈ హద్దు దాటితే ప్లాంట్ ఆపేస్తాం. నిర్ణయం నాది’ అని ఒక అధికారి పేరు, తేదీ రాసి సంతకం పెడితే అది నిర్వహణ. అలా సంతకం పెట్టాల్సి వస్తే సగం వాయిదాలు అక్కడికక్కడే ఆగిపోతాయి. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ థర్మల్ కేంద్రంలో 40 మందికి పైగా ప్రాణాలు తీసిన బాయిలర్ ప్రమాదం ఈ విషయమే గుర్తుచేస్తుంది. అడుగున పేరుకున్న బూడిదను 500 మెగావాట్ల యూనిట్ నడుస్తుండగానే తొలగించే ప్రయత్నం జరుగుతోంది. ఆపాలా, నడపాలా అన్న నిర్ణయం ఎవరిదో, దేని ఆధారంగా తీసుకున్నదో ముందే కాగితం మీద ఉండాల్సిన సందర్భం అది.

చట్టం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా ఏమీ లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, తిరుగుతున్న యంత్రం దగ్గర తనిఖీ చేసే కార్మికుడి పేరు రిజిస్టర్‌లో ఉండాలంది. లిఫ్టులను 6 నెలలకోసారి, క్రేన్ల లాంటి ఎత్తుడు యంత్రాలను 12 నెలలకోసారి పరీక్షించాలంది. భోపాల్ తర్వాత 1987లో ప్రమాదకర పరిశ్రమల కోసం దానికి ప్రత్యేక అధ్యాయం చేర్చారు. ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. చమురు సంస్థలకు పర్మిట్ల మీద ఓఐఎస్‌డీ ప్రమాణమే ఉంది. అయితే తనిఖీకి వచ్చే అధికారి సర్టిఫికెట్ తేదీలు చూసి వెళ్లిపోతే ప్రయోజనం కొంతే. ‘ఆరు నెలల కంటే పాతవైన పెండింగ్ పనులు చూపించండి. పోయిన నెల మూసిన వాటిలో ఐదు నేను ఎంచుకుంటాను. పదండి, యంత్రం దగ్గరికి వెళ్లి చూద్దాం’ అని అడిగితే గంటలో ఆ ప్లాంట్ సంగతి తెలిసిపోతుంది. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

కంపెనీలు చేయగలిగినవి కూడా పెద్ద ఖర్చుతో కూడినవి కావు. లోపం రాసిన మనిషి చూసి సరేనంటేనే ఆర్డర్ మూయాలి. చేసిన మనిషి తన పనిని తానే మూయకూడదు. రక్షణ పరికరాల పెండింగ్ పనులను మిగతా వాటిలో కలపకుండా వేరే బోర్డు మీద రాయాలి. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు ఇన్‌ఛార్జులూ దాని ముందు నిలబడి చదవాలి. అలాంటివి రెండు ఒకే యూనిట్‌లో కలిస్తే యూనిట్ నడపాలా వద్దా అన్న ప్రశ్న ఆ పూటే పై అధికారికి చేరాలి. పర్మిట్ తెలుగులో, హిందీలో, ఒడియాలో ఉండాలి. కాంట్రాక్టు కార్మికుడు నోటితో చెప్పిన లోపాన్ని కూడా నమోదు చేసి, దాని నంబరు అతనికివ్వాలి. నెలవారీ సమీక్షలో ‘ఎన్ని మూశారు’ అన్న ప్రశ్నకు ముందు ‘ఎన్ని కొత్తగా రాశారు’ అని అడగాలి. ఈ చివరిది అన్నిటికంటే చవక, అన్నిటికంటే కష్టం. చెడ్డ కబురు తెచ్చిన వాడికి కుర్చీ వేసే అలవాటు మన కార్యాలయాల్లో ఇంకా రాలేదు.

భోపాల్‌లో ఆ పైపు ముక్క ధర ఎంతో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. పెట్టుకోవాల్సినంత పెద్ద మొత్తం కాదు. ఇవాళ దేశంలో ఎన్నో ప్లాంట్లలో అలాంటి ఒక ముక్క బిగించాల్సి ఉంది. దాని ఆర్డర్ ఎక్కడో తెరిచే ఉంటే మంచిదే. ఎవరో ఒకరు అడిగే అవకాశం ఉంది. భయపడాల్సింది, ఈ నెలాఖరుకు గ్రాఫ్ అందంగా కనిపించడం కోసం దాన్ని ఎవరైనా మూసేస్తారేమోనని.